కాశీ లాడ్జిలో ల్యాప్‌టాప్‌కి వైఫై అందడం లేదు, రోజూ రాత్రి క్లయింట్ కాల్ ఉంది. ఏం చెయ్యాలి?

కోటిపల్లి రేవు · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలతో తొమ్మిది నిద్రలు చేయించడానికి కాశీ వచ్చాం. అన్ని రోజులు సెలవు దొరకదు కదా, అందుకని పగలు దర్శనాలు, సాయంత్రం నుంచి ఆఫీసు పని అని ఒప్పందం. పాండే హవేలీ వైపు ఒక సందులో పాత లాడ్జి, మాది మూడో అంతస్తు. బుక్ చేసేటప్పుడు వైఫై ఉందా అంటే ఉందన్నారు. ఉంది, కింద కౌంటర్ దగ్గర!

గదిలో ల్యాప్‌టాప్‌కి రెండు గీతలే చూపిస్తోంది. మెయిల్ తెరుచుకోవడానికే యుగం పడుతోంది. ఇవాళ కాల్లో నా మాట ముక్కలు ముక్కలుగా వినిపించిందట, చివరికి మేనేజర్ "నువ్వు చాట్‌లో రాసెయ్" అన్నాడు. విచిత్రం ఏంటంటే అదే గదిలో, అదే వైఫై మీద నా ఫోన్‌లో యూట్యూబ్ హాయిగా ఆడుతోంది. కాబట్టి లోపం ల్యాప్‌టాప్‌లోనే ఉందని నా అనుమానం.

విండోస్ 11, కంపెనీ ల్యాప్‌టాప్, అడ్మిన్ హక్కులు లేవు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి కాల్, వాళ్లకి న్యూయార్క్‌లో పొద్దున పది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చెప్పండి.

చిచ్చుబుడ్డి · సోమవారం, రాత్రి 11:31

సింపుల్ బ్రో. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ కొట్టు. డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టు. డ్రైవర్ అప్‌డేట్ చెయ్యి. అయిపోతుంది.

నైట్ షిఫ్ట్ · సోమవారం, రాత్రి 11:44

రేవు గారూ, దయచేసి నెట్‌వర్క్ రీసెట్ జోలికి వెళ్లకండి. ఆఫీసుల్లో ల్యాప్‌టాప్‌లు చూసుకునే ఉద్యోగం నాది, ఈ సలహా వల్ల వచ్చే ఫోన్లు ఎన్నో నాకు తెలుసు. రీసెట్ అంటే నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ (బయట నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. ఊళ్లో లేనప్పుడు, అడ్మిన్ హక్కులు లేని మెషీన్ మీద ఆ ప్రయోగం ఎందుకు? ఉన్న కాస్త నెట్ కూడా పోతే ఆఫీసు సపోర్టుకి చెప్పుకోవడానికి కూడా దారి ఉండదు.

డీఎన్‌ఎస్ సంగతి కూడా అంతే. సైటు పేరు చెబితే చిరునామా వెతికి పెట్టేది డీఎన్‌ఎస్. సిగ్నల్‌కి దానికీ సంబంధం లేదు. పైగా ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే లాడ్జి లాగిన్ పేజీలు కొన్ని డీఎన్‌ఎస్ మారిస్తే అసలు తెరుచుకోవు.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అప్పుడు వైఫై మీద యూట్యూబ్ పెట్టి చూడండి.

చిచ్చుబుడ్డి · సోమవారం, రాత్రి 11:47

నాకు రీసెట్‌తో పని చేసింది అక్కా, అందుకే చెప్పా.

కోటిపల్లి రేవు · సోమవారం, రాత్రి 11:58

మొబైల్ డేటా ఆపాను. యూట్యూబ్ చక్రం తిరుగుతూనే ఉంది. అంటే ఇంతసేపూ ఫోన్ నడిచింది సిమ్ మీదా?!

నైట్ షిఫ్ట్ · మంగళవారం, రాత్రి 12:05

అవునండి. వైఫై బలహీనంగా ఉంటే ఫోన్ చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. ఐఫోన్‌లో దాన్ని వైఫై అసిస్ట్ అంటారు, ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి పేరు మారుతుంది. పైన వైఫై గుర్తు మాత్రం అలాగే కనిపిస్తూ ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌కి సిమ్ లేదు కాబట్టి దాని బాధ బయటపడింది, అంతే. మీ ల్యాప్‌టాప్‌కి ఏ రోగమూ లేకపోవచ్చు.

టవర్ తాత · మంగళవారం, ఉదయం 5:50

కార్తీక మాసంలో కాశీవాసం, అదృష్టవంతులు నాయనా. నేను టెలికాంలో చేసి రిటైరైనవాణ్ణి, పొద్దున్నే లేచే అలవాటు.

మీరు "వైఫై అందడం లేదు" అంటున్నారు కానీ అందులో రెండు వేర్వేరు రోగాలు ఉండొచ్చు. ల్యాప్‌టాప్ నుంచి లాడ్జి రౌటర్ దాకా ఒక దారి, రౌటర్ నుంచి బయటి ప్రపంచానికి ఇంకో దారి. ఇంట్లో కుళాయి ఎంత బాగున్నా వీధి పైపులో నీళ్లు లేకపోతే బిందె నిండదు కదా, ఇదీ అంతే. ఏ దారిలో లోపం ఉందో తేలకుండా మందు వేస్తే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

తేల్చుకోవడం తేలికే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు వస్తుంది, అదే లాడ్జి రౌటర్. ముందు ఆ నంబరుని పింగ్ చెయ్యండి (పలకరిస్తే జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో చూపిస్తుంది), ఆ తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8 ని పింగ్ చెయ్యండి. ఒక్కోటి ఓ నిమిషం నడవనివ్వండి (చివర ఒక ఖాళీ వదిలి, డ్యాష్, టి అని పెడితే ఆపేదాకా నడుస్తుంది). గేట్‌వే పింగే తడబడితే గాలిలో దారి చెడ్డట్టు. గేట్‌వే బాగుండి, రెండోది తడబడితే లాడ్జివాడి నెట్ చాలడం లేదన్నమాట.

దాంతోపాటు ఇదీ కొట్టండి: నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ. చూడటానికే కాబట్టి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఆన్ చేస్తేనే చూపిస్తుంది. సిగ్నల్, ఛానల్, రిసీవ్ రేటు (డేటా అందుకునే వేగం), బీఎస్‌ఎస్‌ఐడీ (వైఫై పెట్టెకి ఉండే గుర్తింపు నంబరు) ఈ నాలుగూ ఇక్కడ రాయండి. గదిలో ఒకసారి, కింద కౌంటర్ పక్కన నిలబడి ఒకసారి.

పాలమూరు పిల్లోడు · మంగళవారం, ఉదయం 7:15

తాతా, మాక్ వాడేటోళ్లకి ఈ నెట్‌ఎస్‌హెచ్ కమాండ్ పని చెయ్యదు కదా. ఆప్షన్ మీట నొక్కిపట్టి పైన వైఫై బొమ్మ మీద నొక్కితే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం), నాయిస్ (రొద), టీఎక్స్ రేటు (పంపే వేగం) అన్నీ అక్కడే కనిపిస్తయి. ఎవరికైనా పనికొస్తదని రాసిన.

కోటిపల్లి రేవు · మంగళవారం, మధ్యాహ్నం 2:40

పొద్దున విశ్వనాథుడి దర్శనం లైన్‌లోనే గడిచిపోయింది, ఇప్పుడే తిరిగొచ్చాం. తాతగారు అడిగినవి ఇవిగో.

గదిలో: సిగ్నల్ 38 శాతం, ఛానల్ 6, రిసీవ్ రేటు 13. గేట్‌వే పింగ్ ఒకసారి 4, వెంటనే 310, తర్వాత 1200 దాటింది, మధ్యలో చాలాసార్లు "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్".

కౌంటర్ దగ్గర: సిగ్నల్ 96 శాతం. గేట్‌వే పింగ్ 2, 3 మించలేదు. 8.8.8.8 కి 45 దగ్గర నిలకడగా ఉంది. స్పీడ్ టెస్ట్ 18 ఎంబీపీఎస్ చూపించింది.

టవర్ తాత · మంగళవారం, మధ్యాహ్నం 3:10

బాగా చేశావు. సగం తేలిపోయింది. ఈ వేళప్పుడు లాడ్జివాడి నెట్‌కి లోటు లేదు, గాలి దారే చెడింది.

విండోస్ చూపించే శాతాన్ని అసలు కొలతలోకి మార్చడానికి చిన్న లెక్క ఉంది. శాతాన్ని సగం చేసి అందులోంచి నూరు తీసెయ్. 96 అంటే మైనస్ 52 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం), భేషైన సిగ్నల్. 38 అంటే మైనస్ 81. మాట్లాడే కాల్‌కి మైనస్ 67 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 75 దాటితే తడబాటు మొదలవుతుంది, 80 దాటాక కనెక్ట్ అయి ఉన్నట్టు కనిపించడమే తప్ప పని జరగదు.

ఆ సందుల్లో ఇళ్లు చూశావుగా. చునార్ రాతి గోడలు, మూరెడు మందం. కాంక్రీటే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ అలల్ని బాగా మింగుతుంది, రాయి సంగతి చెప్పక్కర్లేదు. పైగా రెండు అంతస్తుల తేడా.

నైట్ షిఫ్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 3:25

రేవు గారూ, ఇంకో ప్రశ్న. ల్యాప్‌టాప్‌కి పక్కన ఏమేం తగిలించి ఉన్నాయి? హబ్, బయటి హార్డ్ డిస్క్, బ్లూటూత్ హెడ్‌సెట్ లాంటివి?

కోటిపల్లి రేవు · మంగళవారం, మధ్యాహ్నం 3:31

యూఎస్‌బీ హబ్ ఉంది, దానికి ఒక ఎస్‌ఎస్‌డీ. ఫోటోలు అందులోకి ఎక్కిస్తున్నా. హెడ్‌సెట్ బ్లూటూత్‌దే. వీటికీ వైఫైకీ ఏంటండీ సంబంధం?

నైట్ షిఫ్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 3:50

చాలానే ఉంది. యూఎస్‌బీ 3.0 తీగలు, పరికరాలు పని చేస్తున్నప్పుడు వాటి నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఇది పుకారు కాదు, ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద ఒక పత్రం వేసింది. ల్యాప్‌టాప్‌ల వైఫై యాంటెన్నాలు ఎక్కువగా స్క్రీన్ అంచుల్లో ఉంటాయి. హబ్‌ని మూత వెనకాల, కీలు పక్కనే పెడితే ఆ రొదంతా యాంటెన్నా చెవిలోనే. కౌంటర్ దగ్గర 96 శాతం ఉన్నప్పుడు ఇది తెలియదు. మూడో అంతస్తులో గుసగుసలా వినిపించే సిగ్నల్‌ని మాత్రం పూర్తిగా ముంచేస్తుంది.

మెలిక ఏంటంటే, హబ్ తీసేసినా సిగ్నల్ శాతం మారదు. రొద తగ్గింది కానీ సిగ్నల్ పెరగలేదు కదా. అందుకే గీతలు చూసి "ఏం తేడా లేదే" అనుకుంటారు. మార్పు పింగ్‌లోనూ రిసీవ్ రేటులోనూ చూడాలి.

బ్లూటూత్ కూడా 2.4 లోనే నడుస్తుంది, కాల్ సమయంలో రెండూ ఒకే రేడియో కాలాన్ని పంచుకోవాలి. వైరు ఇయర్‌ఫోన్ ఒకటి బజార్లో కొనుక్కోండి, గొదౌలియా దగ్గర ఏ కొట్లోనైనా దొరుకుతుంది.

డల్లాస్ డప్పు · మంగళవారం, సాయంత్రం 4:20

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా ఆఫీసులో వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంటే కారణం డాకింగ్ స్టేషనే అని తేలింది. అదీ 2.4 బాధే.

కోటిపల్లి రేవు · మంగళవారం, సాయంత్రం 5:05

హబ్, ఎస్‌ఎస్‌డీ పీకేశాను. సిగ్నల్ అదే 38. కానీ రిసీవ్ రేటు 26 కి ఎక్కింది, పింగ్‌లో టైమ్డ్ అవుట్‌లు బాగా తగ్గాయి. ఇంకా కాల్ నిలిచేంత లేదు. గేట్‌వే 60 నుంచి 400 మధ్య ఊగుతోంది.

టవర్ తాత · మంగళవారం, సాయంత్రం 5:30

ఇప్పుడు చోటు మార్చి చూడు. 2.4 గిగాహెర్ట్జ్ అలపొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలకి తగిలి తిరిగొచ్చిన అలలు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, పక్కనే ఇంకో చోట కలిసి బలపడతాయి. అందుకే ల్యాప్‌టాప్‌ని బెత్తెడు జరిపినా, పక్కకి తిప్పినా అంకె మారుతుంది. అద్దం వెనక పూత, ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు, ఇవి ఎదురుగా లేకుండా చూసుకో. తలుపు తెరిచి పెట్టుకో, చెక్క తలుపైనా మూసి ఉన్నదానికన్నా తెరిచి ఉన్నది మేలు. ఆ పాత ఇళ్లకి నడుమ వాకిలి ఉంటుంది కదా, సిగ్నల్ పైకి వచ్చేది ఆ ఖాళీలోంచే. వరండాలో కూర్చుంటే ఇంకా మంచిది.

ఇంకోటి. లాడ్జిలో ఇంకే వైఫై డబ్బాలు ఉన్నాయో చూడు. నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో నెట్‌వర్క్స్ మోడ్=బీఎస్‌ఎస్‌ఐడీ అని కొట్టు. ఒకే పేరు కింద రెండు మూడు బీఎస్‌ఎస్‌ఐడీలు కనిపిస్తే ఒకటికి మించి పెట్టెలు ఉండొచ్చు.

చిచ్చుబుడ్డి · మంగళవారం, సాయంత్రం 5:34

అల్యూమినియం ఫాయిల్ రౌటర్ వెనక పెడితే సిగ్నల్ డబుల్ అవుతుందని వీడియో చూశా 😄

టవర్ తాత · మంగళవారం, సాయంత్రం 5:41

ఒకవైపు పెరుగుతుంది, మిగతా వైపుల తగ్గుతుంది. మిగతా గదులవాళ్లు వచ్చి నిన్ను పట్టుకుంటారు.

కోటిపల్లి రేవు · మంగళవారం, సాయంత్రం 6:10

రెండు ఉన్నాయండీ! ఒకే పేరు. ఒకటి 38 శాతం, ఇంకోటి 62 శాతం. రెండూ ఛానల్ 6 మీదే. వెళ్లి చూస్తే మా అంతస్తులోనే, వరండా చివర ప్లగ్గులో తెల్లటి చిన్న డబ్బా. రిపీటర్ అట. పక్కనే కూర్చుని, వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే దానికి తగులుకుంది. కానీ 62 శాతం ఉన్నా స్పీడు 1 ఎంబీపీఎస్ కూడా రావట్లేదు. ఇదేం న్యాయం?

నైట్ షిఫ్ట్ · మంగళవారం, సాయంత్రం 6:25

హోటళ్లలో ఇదే పెద్ద మాయ. మీకు రిపీటర్‌కి మధ్య 62 శాతం. మరి రిపీటర్‌కి కింద రౌటర్‌కి మధ్య ఎంత? అది ఉన్న చోట కూడా ఆ నలభై లోపే అయి ఉంటుంది. తనకి వినపడనిది మీకేం చెబుతుంది? పైగా ఒకే రేడియో ఉన్న రిపీటర్ ఒకే ఛానల్ మీద వినాలి, మళ్లీ చెప్పాలి, కాబట్టి ఉన్న వేగం కూడా దాదాపు సగం అవుతుంది.

సిగ్నల్ అందని చోట రిపీటర్ పెట్టడం అందరూ చేసే పనే. పెట్టాల్సింది సగం దారిలో, రౌటర్ మాట దానికి ఇంకా బాగా వినపడే చోట. మేనేజర్ని అడగండి, రెండో అంతస్తు మెట్ల దగ్గర, వాకిలి వైపు ప్లగ్ ఉంటే అక్కడికి మార్చమనండి. రౌటర్ సెట్టింగుల్లోకి మాత్రం మీరు దూరకండి, కావాలంటే వాళ్లకి నెట్ వేసిన కుర్రాణ్ణి పిలిపించుకుంటారు.

పాలమూరు పిల్లోడు · మంగళవారం, సాయంత్రం 6:40

అన్నా, గది మార్చమని అడుగు. లేదా లాన్ వైరు ఉందా అని అడుగు. పాత హోటళ్లల్ల టీవీ వెనక ఒక్కోసారి వైరు పాయింటు ఉంటది, ఎవ్వరూ చూడరు. ల్యాప్‌టాప్‌కి సాకెట్ లేకుంటే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతది. నా బ్యాగుల ఎప్పుడూ ఒకటి ఉంటది, మీటరున్నర వైరుతో సహా.

కోటిపల్లి రేవు · మంగళవారం, రాత్రి 11:15

ఇవాళ్టి కథ. మేనేజర్ మంచివాడే, ముందు "సబ్ ఠీక్ హై భయ్యా" అన్నాడు కానీ, పింగ్ చూపించేసరికి ఆసక్తి పుట్టి తనే రిపీటర్ పీక్కుని నా వెంట వచ్చాడు. రెండో అంతస్తు మెట్ల పక్కన ప్లగ్గులో పెట్టాం. గదిలో సిగ్నల్ 62 నుంచి 54 కి పడిపోయింది. కానీ స్పీడు 7 ఎంబీపీఎస్, గేట్‌వే పింగ్ 8 నుంచి 20 మధ్యే! గీతలు తగ్గి నెట్ పెరగడం నా జన్మలో చూడలేదు.

ఇంత సంబరపడి ఎనిమిదిన్నరకి కాల్లో కూర్చుంటే మళ్లీ అదే గోల. వెంటనే పింగ్ పెట్టి చూశా. గేట్‌వే 10 లోపే ఉంది, 8.8.8.8 మాత్రం 700, 900. అంటే ఈసారి తాతగారు చెప్పిన రెండో రోగం కదా?

టవర్ తాత · బుధవారం, ఉదయం 5:40

అదే. నీకే తెలిసిపోయింది, ఇంక నేనెందుకు?

రాత్రి భోజనాలై అందరూ గదులకి చేరే వేళ. ప్రతి గదిలో ఇద్దరు ముగ్గురు వీడియోలు చూస్తారు, ఊళ్లో మనవలతో వీడియో కాల్స్. లాడ్జికి ఉన్నది ఒక్క కనెక్షన్. రౌటర్లో డేటా వరస కట్టి నిలబడుతుంది, పింగ్ అందుకే అంత పెరుగుతుంది. ఇది నువ్వు బాగు చెయ్యగలిగేది కాదు. ఆ రెండు గంటలకి సొంత దారి చూసుకోవాలి, అంటే ఫోన్ హాట్‌స్పాట్.

హాట్‌స్పాట్ కూడా వైఫై మీద కాదు, యూఎస్‌బీ తీగ మీద పెట్టు. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య గాలి గొడవే ఉండదు, ఛార్జింగూ ఎక్కుతుంది. ఫోన్‌కి టవర్ బాగా అందే చోట పెట్టు. రాతి గది నడిమధ్య కంటే కిటికీ దగ్గర చాలా తేడా ఉంటుంది.

డల్లాస్ డప్పు · బుధవారం, ఉదయం 6:30

కిటికీ లోపలే పెట్టు తమ్ముడూ, బయట అరుగు మీద పెట్టకు. కాశీ కోతులు! 2015లో గంగ ఒడ్డున వేసిన ఆప్టికల్ ఫైబర్ తీగల్నే కొరికేశాయని పేపర్లలో వచ్చింది. ఫోన్ వాటికో లెక్కా?

నైట్ షిఫ్ట్ · బుధవారం, ఉదయం 9:10

తాతగారి మాటకి నా చేర్పు. కొన్ని కంపెనీ ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ టెథరింగ్ (ఇలా తీగ మీద ఫోన్ నెట్ ఇవ్వడం) నిషేధించి ఉంటుంది, కాల్‌కి ముందే ఒకసారి ప్రయత్నించండి. పని చెయ్యకపోతే వైఫై హాట్‌స్పాట్ పెట్టి ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే ఉంచండి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ పేజీలో మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అని ఉంటుంది, అది ఆపి ఉంచితే 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. ఆ సందులో అందరూ కిక్కిరిసి ఉన్న 2.4 గోల తప్పుతుంది. 5 దూరం పోలేదు, గోడలు దాటలేదు, కానీ బల్ల మీద పక్కపక్కన ఉన్న రెంటికి దూరంతో పనేముంది?

ల్యాప్‌టాప్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చెయ్యండి. లేకపోతే విండోస్ అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ కలిసి మీ రోజువారీ డేటా తినేస్తాయి. కాల్లో కెమెరా ఆపండి. జూమ్ లెక్క ప్రకారం 720పి వీడియోకి 1.2 ఎంబీపీఎస్ దాకా కావాలి, మాట ఒక్కటే అయితే 100 కేబీపీఎస్ కూడా పట్టదు. టీమ్స్ అయినా తేడా ఇంచుమించు అంతే.

ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఇంకో కిటుకు. ఫోన్‌ని లాడ్జి వైఫైకే కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఆ వైఫైనే ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది. పొడుగాటి తీగ ఉంటే ఫోన్ వాకిలి వైపు, మీరు మంచం మీద. లాగిన్ పేజీ బాధ కూడా ఫోన్ మీదే తీరిపోతుంది. పగటి పూట పనికి ఇది చాలు.

వేదిక నిర్వాహకుడు · బుధవారం, ఉదయం 10:00

చర్చ బాగుంది, విషయం దాటకండి. ఒక జాగ్రత్త మాట: లాడ్జి పేరును పోలిన తాళం లేని వైఫైలు కనిపిస్తే అసలు పేరేదో కౌంటర్లో అడిగాకే కలవండి. బ్యాంకు పనులు సిమ్ మీదే చేసుకోండి.

డల్లాస్ డప్పు · బుధవారం, ఉదయం 10:20

విషయం దాటను కానీ ఇదీ ఇందులోదే. కిందటిసారి రాజమండ్రి వచ్చినప్పుడు అత్తగారింట్లో వైఫై అందరి ఫోన్లకీ కనిపిస్తోంది, నా ల్యాప్‌టాప్‌కి అసలు పేరే రాలేదు. సిగ్నల్ లోపమేమో అనుకుని రౌటర్ పక్కకెళ్లి కూర్చున్నా లాభం లేదు. ఇక్కడి ల్యాప్‌టాప్‌లకి ఇదేమన్నా శాపమా?

టవర్ తాత · బుధవారం, ఉదయం 10:45

శాపం కాదు, ఛానల్. 2.4 లో ఇండియాలో 1 నుంచి 13 దాకా వాడుకోవచ్చు. అమెరికాలో మామూలుగా 11 తోనే ఆపేస్తారు, అక్కడ కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 12, 13 కనపడవు. మీ అత్తగారి రౌటర్ ఆటోమేటిక్‌గా 13 ఎంచుకుని ఉంటుంది. సెట్టింగుల్లో 1, 6, 11 లో ఒకటి పెట్టించండి. ఒకదాని మీద ఒకటి పడనివి కూడా ఆ మూడే. మార్చే వీలు లేకపోతే 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలవండి.

డల్లాస్ డప్పు · బుధవారం, ఉదయం 10:52

బావమరిదికి వాట్సాప్ పెట్టా. చూశాడు. 13 ఏ ఉంది! తాతగారికి పాదాభివందనం.

కోటిపల్లి రేవు · గురువారం, రాత్రి 12:10

యూఎస్‌బీ టెథరింగ్‌కి మా కంపెనీ ఒప్పుకుంది. ఫోన్ కిటికీ గూట్లో, లోపలే. కెమెరా ఆఫ్, వైరు ఇయర్‌ఫోన్. కాల్ మొత్తం ఒక్కసారి కూడా తెగలేదు. మీటింగ్ అయ్యాక మేనేజర్ "హోటల్ మారావా?" అని అడిగాడు.

ఇప్పుడు ఇంకో భయం. పౌర్ణమి రోజు దేవ్ దీపావళి. ఘాట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారంటున్నారు. ఆ రాత్రి కూడా కాల్ ఉంది. స్టేషన్‌కి వెళ్లి కూర్చోనా? అక్కడ రైల్‌వైర్ వైఫై ఉంటుంది కదా?

పాలమూరు పిల్లోడు · గురువారం, ఉదయం 7:30

ఉంటది అన్నా. రైల్‌టెల్‌ది, ఓటీపీతో లాగిన్. 2016లో ముంబై సెంట్రల్‌లో మొదలై ఇప్పుడు ఆరు వేల పైచిలుకు స్టేషన్లల్ల ఉంది. రోజుకి మొదటి అర్ధగంట ఉచితం, అదీ 1 ఎంబీపీఎస్. ఆ తర్వాత ప్యాక్ కొనాలె. మెయిల్ చూసుకోనికి సరే. అనౌన్స్‌మెంట్ల నడుమ క్లయింట్‌తోని ఏం మాట్లాడుతవు? పైగా ఆ రాత్రి పాండే హవేలీ నుంచి స్టేషన్ దాకా ఆటో దొరకాలె కదా.

టవర్ తాత · గురువారం, ఉదయం 8:00

ఆ రాత్రి డేటాని నమ్ముకోకు. ఒక్కో టవర్ కింద మామూలు రోజుకి ఎన్నో రెట్ల జనం చేరతారు, అందరూ ఫోన్లు ఎత్తి దీపాల వీడియోలు పంపిస్తూ ఉంటారు. ఫోన్‌లో ఐదు గీతలూ కనిపిస్తాయి, డేటా కదలదు.

మీటింగ్ ఆహ్వానంలో డయల్-ఇన్ నంబరు ఉందేమో చూడు. మామూలు ఫోన్ కాల్ లాగా దానికి చేసి చేరిపోవచ్చు. 4జీలో మాటకి నెట్‌వర్క్ వేరే ప్రాధాన్యం ఇస్తుంది, డేటా మొత్తం మొరాయించినా కాల్ కలిసే అవకాశం ఎక్కువ. నాన్నగారి ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఉంటే అదీ దగ్గర పెట్టుకో. చూపించాల్సిన ఫైళ్లు మధ్యాహ్నమే, లాడ్జి నెట్ ఖాళీగా ఉన్నప్పుడు, వాళ్లకి పంపించెయ్.

ఇదంతా ఎందుకు, ఆ ఒక్క రోజుకి సెలవు అడగరాదూ? దేవ్ దీపావళి నాడు కాశీలో ఉండి గదిలో కూర్చుని స్టేటస్ చెబుతావా?

చిచ్చుబుడ్డి · గురువారం, ఉదయం 8:04

తాత పాయింట్ 💯. బ్రో, నాకు కూడా ఒక డౌట్. నా గేమింగ్ ల్యాప్‌టాప్‌కి హాస్టల్లో వైఫై గీతలు ఫుల్, నెట్ నిల్. రీసెట్ కొట్టినా అంతే.

నైట్ షిఫ్ట్ · గురువారం, ఉదయం 8:20

గేట్‌వే పింగ్ ఎంత, 8.8.8.8 పింగ్ ఎంత? కొత్త దారం తెరిచి రెండూ రాయండి. బ్లూటూత్ చెవిలో పెట్టుకుని కాదు.

కోటిపల్లి రేవు · గురువారం, ఉదయం 8:45

సెలవు దొరికింది. డయల్-ఇన్ నంబరు మాత్రం రాసి పెట్టుకున్నా, వాళ్లకి ఏదైనా అర్జెంటు పడితే దానికి చేసి చేరతా. నిర్వాహకుడు గారూ, ఈ దారానికి "పరిష్కారమైంది" అని పెట్టెయ్యండి.